మూడో మలుపు దగ్గర

"ఈ సైకిల్ మీకు అమ్మను మేడమ్."

డబ్బు కట్టే స్కానర్ ఎక్కడుందా అని ఫోన్ పట్టుకుని వెతుకుతున్న తన్మయి, తలెత్తి అతని వైపు చూసింది.

"అమ్మరా? షాపు పెట్టుకున్నది అమ్మడానికి కాదా అండీ?"

"అమ్మనీకే. కానీ ఇది మీకు కాదు."

చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద, ఒక టిఫిన్ సెంటర్‌కూ కూరగాయల బండ్లకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆ సైకిల్ షాపు. ముందు గదిలో పిల్లల సైకిళ్లు, పాలవాళ్ల సైకిళ్లు, పంచర్ల తొట్టి. అదంతా సైదులు రాజ్యం. వెనక గదిలో గేర్లవి, కొండలు దిగే మౌంటెన్ బైకులు. అది అతని కొడుకు, ఇప్పుడు అమ్మనన్న శేఖర్ రాజ్యం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా అలాంటి సైకిల్ చెడిపోతే అందరూ అతని దగ్గరికే వస్తారని ఎవరో చెబితే, తన్మయి వెతుక్కుంటూ వచ్చింది. వచ్చీ రాగానే ఒక ఎర్ర సైకిల్ ఆమెను కట్టిపడేసింది. లావు టైర్లు, కుదుపులు మింగే షాకులు ముందొకటి, వెనకొకటి. చూస్తేనే సగం రేసు గెలిచినట్టుంది.

"నాకెందుకు కాదో చెప్పండి," అంది చేతులు కట్టుకుని.

"ముందుగాల మీరు చెప్పున్రి, దేనికి కావాలె? ఆఫీసుకు పోవనీకా, పొద్దుగాల చెరువు కట్ట మీద తిరగనీకా?"

"ఆగస్టు చివర్లో బాటసింగారం దగ్గర రేసుంది. డ్యూయల్ స్లాలమ్. పేరిచ్చేశాను."

పానా తుడుస్తున్న శేఖర్ చెయ్యి ఆగింది. ఆ మాట షాపులో రెండేళ్లుగా ఎవరూ పలకలేదని ఆమెకు తెలియదు.

"మీరా?"

"నేనే. నేనైతే ఏంటట?"

"ఏం లేదు మేడమ్. అడిగిన, అంతే."

డ్యూయల్ స్లాలమ్ అంటే కొండవాలు మీద పక్కపక్కనే రెండు మట్టి దారులు. ఒకదాని మలుపులే ఇంకోదానికీ ఉంటాయి. ఇద్దరు ఒకే సీటీకి బయల్దేరి, జెండా కర్రల చుట్టూ తిరుగుతూ, మిట్టలు దూకుతూ కిందికి దూసుకుపోతారు. అరనిమిషంలో అయిపోతుంది. తర్వాత దారులు మార్చుకుని మళ్లీ ఒకసారి. రెండు పరుగులూ కలిపి ఎవరిది తక్కువ సమయమైతే వాళ్లు గెలిచినట్టు. బెంగళూరులో ఫిజియోథెరపీ పీజీ చేస్తున్నప్పుడు తన్మయి ఆ ఆట చూసింది. ఫ్రెండ్ సైకిల్ అడిగి తీసుకుని ఒకసారి దిగింది కూడా. మొదటి రౌండ్‌లోనే అందరికంటే వెనక వచ్చింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"చూడున్రి," అన్నాడు శేఖర్ ఎర్ర సైకిల్ వెనక షాక్ మీద అరచేయి పెట్టి నొక్కుతూ. అది మెత్తగా దిగి లేచింది. "పెద్ద పెద్ద రాళ్ల మీదికెల్లి కొండ దిగేటోళ్లకు ఇది బంగారం. మీరు పోయేది అరనిమిషం ఆట. కాలితోని గట్టిగ తొక్కినప్పుడల్లా మీ బలం సగం గీ షాకే మింగుతది. మలుపుల మీరు ఒకదిక్కు ఒంగితే ఇది ఆలోచించుకుంట ఆలోచించుకుంట ఒంగుతది."

"మరి నాకేది?"

అతను లోపలికి వెళ్లి ఒక బూడిదరంగు సైకిల్ తోసుకొచ్చాడు. ముందు మాత్రమే షాక్. ఫ్రేమ్ పొట్టి. సీటు ఎంత కిందికి ఉందంటే చక్రాన్ని తాకుతుందేమో అనిపిస్తుంది. అక్కడక్కడా రంగు గీసుకుపోయింది.

తన్మయి ముఖం ఎర్రబడింది. "ఇది పిల్లల సైకిల్."

"కాదు మేడమ్."

"నేను పొట్టిగా ఉన్నాననేగా?"

"కాదు మేడమ్. అంటే... పొట్టిగనే ఉన్నరు, కానీ అందుకోసం కాదు."

ముందు గదిలో పంచర్ వేస్తున్న సైదులు ఫక్కున నవ్వాడు. "వీడు పెండ్లి చూపులకు పోయినా గిట్లనే మాట్లాడ్తడు బిడ్డా, ఏమనుకోకు!"

శేఖర్ చెవులు ఎరుపెక్కాయి. మాటలతో లాభం లేదనుకుని షాపు వెనక ఖాళీ ప్లాటు చూపించాడు. ఖాళీ పెయింటు డబ్బాలు ఆరు తెచ్చి వంకరటింకరగా పెట్టాడు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆమె చేతికే ఇచ్చాడు.

"రెండు సైకిళ్ల మీద రెండుసార్లు తిరగున్రి. గడియారం అబద్ధం చెప్పది. గదయినంక మీ ఇష్టం. ఎర్రదే కావాలంటే అదే ఇస్త."

ఎర్రదాని మీద పద్నాలుగు సెకన్లు. ఒక డబ్బా పడిపోయింది. బూడిదరంగుదాని మీద పదకొండున్నర. మలుపు తిరగాలని ఆమె అనుకునేలోపే అది తిరిగేసింది. చివరి డబ్బా దాటాక తన్మయికి తెలియకుండానే కేక వచ్చింది. గోడ మీద కూర్చున్న పావురాలు లేచిపోయాయి.

తిరిగొచ్చి సైకిల్ ఆపి, గెలిచింది తనో ఓడింది తనో తెలియక నిలబడింది.

"సరేనండీ. ఇదే. కానీ ఎర్ర రంగు వేయించివ్వండి."

"రంగుకు స్పీడ్ రాదు మేడమ్."

"నాకొస్తుంది."

శేఖర్ మొదటిసారి నవ్వాడు. నవ్వితే ఇంత బాగుంటాడా అని ఆమెకు అనిపించింది. వెంటనే, ఇప్పుడు ఆ సంగతెందుకు అని తనను తానే కోప్పడింది.

"ఇంకొకటి అడగాలె," అన్నాడు శేఖర్. "మీ బరువెంత?"

"అడగాల్సిన ప్రశ్నేనా అది?"

"ముందట షాక్‌ల గాలి బరువును బట్టి కొడ్తరు. ఎక్కువైతే ఎగిరేస్తది, తక్కువైతే కూలబడ్తది."

ఆమె చిన్న కాగితం మీద రాసి, నాలుగు మడతలు పెట్టి, "పైకి చదవకండి," అని ఇచ్చింది. శేఖర్ దాన్ని విప్పకుండానే పంపు దగ్గరున్న తండ్రికి అందించాడు.

"యాభై ఆరా?" సైదులు గొంతు టిఫిన్ సెంటర్ దాకా వినిపించింది. "మంచిగనే ఉన్నవ్ బిడ్డా! గాలికి కొట్టుకపోవు!"

ఇడ్లీ తింటున్న నలుగురు తిరిగి చూశారు. తన్మయి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. చేతుల వెనక నవ్వుతోందని శేఖర్‌కు ఆమె భుజాలు చూస్తే తెలిసింది.

*

సైకిల్‌ను దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తుకు లిఫ్టులో నిలువునా పట్టుకుని తెచ్చేసరికి, తన్మయి తండ్రి సాంబమూర్తి తలుపు దగ్గరే ఎదురయ్యాడు. ఆయన కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. తెనాలి నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా ఆయన మాట మాత్రం తెనాలి దాటలేదు.

"సీటు ఇంత కిందికి ఉందేంటే? కూర్చునేదెలా?"

"కూర్చోం నాన్నా. నిలబడే తొక్కుతాం."

"కూర్చోనప్పుడు సీటెందుకు?"

తల్లి సూర్యప్రభ వంటింట్లోంచి అందుకుంది. "మీరు వాకింగ్‌కని కొనుక్కున్న బూట్లు రెండేళ్లుగా అటక మీదే ఉన్నాయి. దాన్నేం అడుగుతారు?"

రేసు సంగతి తల్లికి చెప్పింది. తండ్రికి మాత్రం "ఫిట్‌నెస్ కోసం" అంది.

జులై మొదటి ఆదివారం పొద్దున ఆరింటికి, ప్రాక్టీసుకు తీసుకెళ్తానన్న శేఖర్, ముందురోజు సర్వీసుకని ఆమె షాపులో వదిలిన సైకిల్‌తో పాటు ఇంకోటి కూడా తండ్రి ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని ఎల్బీనగర్ చౌరస్తాలో ఆగాడు. రెండో సైకిల్ తన కోసం కాదనీ, విడిభాగాల కోసమనీ చెప్పాడు. తన్మయి సైకిల్ హ్యాండిల్‌కు కొత్తగా ఎర్ర గ్రిప్పులు తొడిగి ఉన్నాయి. ఆమె వాటిని చూసింది. అతను హైవే వైపు చూశాడు.

బాటసింగారంలో పండ్ల మార్కెట్ దాటి, ఫాంహౌస్ ప్లాట్ల మధ్య చిన్న గుట్ట ఉంది. సైకిల్ క్లబ్బు వాళ్లు దాన్ని కిరాయికి తీసుకుని జంట దారులు తవ్వించారు. ఎర్రమట్టి రాత్రి వానకు తడిసి, అప్పుడే తీసిన బెల్లం దిమ్మలా మెరుస్తోంది.

తన్మయి ఒక్కతే నాలుగుసార్లు దిగింది. బాగానే దిగింది. కానీ ఐదోసారి పైకి వచ్చి నిట్టూర్చింది.

"పక్కన ఎవరూ లేకపోతే ఇది రేసెలా అవుతుంది? చెవి పక్కన ఇంకో టైరు చప్పుడు వినబడాలి. మీరు రండి."

"నేను రాను."

"ఎందుకు?"

"మానేసిన."

"అంటే ఒకప్పుడు ఆడేవారన్నమాట. అందుకే నాకు అంత బాగా సైకిల్ ఎంచిపెట్టారు. ఒక్కసారి రండి. నా బరువు చంపాపేట్ మొత్తానికి చాటింపేయించారు, ఆ పాపం పోవాలంటే రావాలి."

అతను చాలాసేపు ఆ దారినే చూశాడు. తర్వాత మెల్లగా హెల్మెట్ తీసుకున్నాడు.

ఆ ఉదయం, తర్వాతి రెండు ఆదివారాలూ, వాళ్లిద్దరూ పక్కపక్కనే దిగారు. మొదటి మలుపు దాకా శేఖర్ ముందుంటాడు. రెండో మలుపులో ఇంకా ముందుంటాడు. మూడో మలుపు తర్వాత మాత్రం ఎప్పుడూ తన్మయే ముందు. పదిహేను పరుగుల్లో పదిహేనూ ఆమె గెలిచింది.

మొదట్లో పొంగిపోయింది. పండ్ల మార్కెట్ దగ్గర టీ తాగుతూ తను ఎలా తిరిగిందో చేతులతో చేసి చూపించేది. అతను వింటూ నవ్వేవాడు. బత్తాయి లారీలు పక్కనుంచి పోతుంటే ఆమె మాట వినబడక అతను కొంచెం దగ్గరికి వంగేవాడు. లారీ వెళ్లిపోయాక కూడా అలాగే ఉండేవాడు. ఆదివారం అయిపోయిందంటే సోమవారం నుంచే ఆమె రోజులు లెక్కపెట్టుకోసాగింది.

మూడో ఆదివారం ఒక పరుగులో ఆమెకు ఒక చప్పుడు వినిపించింది. పక్క దారిలో, మూడో మలుపుకు సరిగ్గా ముందు, బ్రేకు కీచుమంది. మళ్లీ పైకి వెళ్లి మళ్లీ దిగింది. మళ్లీ అదే చోట అదే కీచు.

ఆమె కింద సైకిల్ పడేసి నిలబడింది. అప్పుడే వాన మొదలైంది. పక్కనున్న రేకుల షెడ్డు కిందికి పరుగెత్తాల్సిన ఇద్దరూ తడుస్తూ అక్కడే ఉండిపోయారు.

"బ్రేకు వేస్తున్నారు," అంది.

శేఖర్ హ్యాండిల్ మీది మట్టి తుడిచాడు.

"ప్రతిసారీ మూడో మలుపు దగ్గర. నన్ను గెలిపించడానికి. అవునా కాదా?"

"గట్ల కాదు..."

"ఎలా కాదు? నేను చిన్నపిల్లనా, ఓడితే ఏడుస్తానని వదిలేయడానికి? మూడు వారాలుగా నేను గెలుస్తున్నాననుకుంటున్నాను! మా అమ్మకి చెప్పుకున్నాను! మీరేమో లోపల నవ్వుకుంటున్నారు."

"నవ్వుతలేను తన్మయి గారూ. ఒట్టు."

"మరెందుకు వేస్తున్నారు?"

జవాబు కోసం ఆమె వానలో నిలబడి ఒక నిమిషం చూసింది. తర్వాత సైకిల్‌ను ట్రాలీ దగ్గర వదిలేసి, హైవే ఎక్కి, దొరికిన బస్సులో వెళ్లిపోయింది.

*

గురువారం మధ్యాహ్నం తన్మయి పనిచేసే ఎల్బీనగర్ క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయి లోపలికి వచ్చింది. "మేడమ్, పన్నెండో నంబర్ పేషెంట్ ఏం నొప్పో చెప్పట్లేదు. మీకే చెప్తాడట."

కర్టెన్ తొలగిస్తే బెంచీ మీద ఓపీ చీటీ పట్టుకుని శేఖర్ కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గోళ్ల సందుల్లో గ్రీజు మాత్రం పోలేదు.

"మోకాలా, నడుమా?" అంది ఆమె ముఖం బిగించి.

"బ్రేకు."

పక్కనున్న పేషెంట్ నవ్వాపుకున్నాడు. తన్మయి నవ్వలేదు. "కూర్చోండి. మీ ముందు ఇంకొకరున్నారు."

ముందున్నది కౌసల్యమ్మ. మోకాలి ఆపరేషన్ అయి రెండు నెలలు. కాలు బాగుపడింది. కానీ కింద మోపాలంటే ఆమెకు ప్రాణం పోయినట్టు ఉంటుంది. నడక నేర్పే రెండు స్టీలు కడ్డీల మధ్య నిలబడి వణుకుతోంది.

"పట్టుకో బిడ్డా, పడ్త!"

"పట్టుకోను కౌసల్యమ్మా. పక్కనే నడుస్తాను. మీ కాలు మంచిగుంది, ఎక్స్‌రే ఫొటోలో మీరూ చూశారుగా. భయం మాత్రమే ఉంది. ఉండనివ్వండి. భయంతోనే ఒక్క అడుగెయ్యండి."

ముసలామె తిట్టింది. దేవుణ్ని తలుచుకుంది. ఒక అడుగేసింది. ఇంకొకటి. నాలుగు అడుగులయ్యాక తనే నమ్మలేక తన్మయి వైపు చూసి, పళ్లులేని నోటితో నవ్వింది.

అదంతా చూసిన శేఖర్, తనను లోపలికి పిలిచేసరికి, తెచ్చుకున్న మాటలన్నీ మర్చిపోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"వినయ్ అని నా దోస్తు. టెన్త్ కాడికెల్లి ఒక్కటే బెంచీ. ఇద్దరం కలిసే ఈ ఆట నేర్చుకున్నం. రెండేండ్ల కింద గదే గుట్ట మీద ప్రాక్టీసుల మూడో మలుపు కాడ నా బండి జారింది. జారి పక్క దారిలకు పోయి వాని చక్రానికి తాకింది. వాడు ఎగిరి పడ్డడు. మోకాల్ల నరం తెగింది, ఆపరేషన్ అయింది." అతను చేతిలోని ఓపీ చీటీ మడిచాడు. "ఆ రోజు సంది నేను ఎక్కలే. మీరు పిలిస్తే ఒచ్చిన. కానీ గా మలుపు కాడికి రాంగనే, పక్కన మీరుంటరు కదా... చెయ్యి దానంతటదే బ్రేకు మీదికి పోతది. మిమ్మల్ని గెలిపియ్యనీకి కాదు. మిమ్మల్ని పడగొడ్తనేమో అని."

తన్మయి కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. చేతిలోని పెన్ను మూత తీసింది, పెట్టింది.

"ఇది ఆదివారమే చెప్పొచ్చుగా?"

"భయమైతుందని ఆడపిల్లకు ఎట్ల చెప్పాలె?"

"ఇప్పుడెలా చెప్పారు మరి?"

"మీరు మాట్లాడకుంట నాలుగు రోజులు అయింది. అది ఇంకా భయమైంది."

ఆమె తల దించుకుని చీటీ మీద ఏదో రాస్తున్నట్టు నటించింది. "వినయ్ ఇప్పుడెలా ఉన్నాడు?"

"బాలాపూర్‌ల షాపు పెట్టిండని విన్న," అన్నాడు శేఖర్.

"కలవలేదా? రెండేళ్లుగా?"

"దవాఖాన దాకా పోయిన. గేటు కాడ నిలబడి మర్లి ఒచ్చిన. ఏం మొఖం పెట్టుకుని పోవాలె?"

తన్మయి ఇంకో చీటీ రాసి, చింపి అతని చేతిలో పెట్టింది. దాని మీద మందు లేదు. 'శనివారం, బాలాపూర్, వినయ్' అని రాసి ఉంది.

"నేనూ వస్తాను," అంది. "పట్టుకోను. పక్కనుంటాను."

*

బాలాపూర్‌లో వినయ్ ఫ్లెక్సీల షాపు నడుపుతున్నాడు. వినాయక చవితికి ఇంకా నెల ఉండగానే మండపాల వాళ్ల ఆర్డర్లతో షాపంతా రంగుల వాసన. శేఖర్, తన్మయి వెళ్లేసరికి వినయ్ షాపు ముందు నిచ్చెన మీద నిలబడి బ్యానర్ కడుతున్నాడు. రెండేళ్లుగా ఏ మోకాలిని తలుచుకుని శేఖర్‌కు నిద్ర పట్టలేదో, ఆ మోకాలు నిచ్చెన పైమెట్టు మీద దర్జాగా నిలబడి ఉంది.

వినయ్ కిందికి చూశాడు. దారం కొరికి, ముడి వేసి, ఒక్కో మెట్టూ దిగి వచ్చాడు. వచ్చి శేఖర్ భుజం మీద గట్టిగా ఒక్కటిచ్చాడు.

"రెండేండ్లురా! చంపాపేట్ నుంచి బాలాపూర్ ఎంత దూరంరా?"

"వినయ్, గా రోజు..."

"గా రోజు సంగతి నాకెందుకురా. మట్టిల ఆడినం, జారినం, పడ్డం. నేను నీ మీద పడ్తే నువ్వేమన్న కేసు పెడ్తుంటివా? పడ్డందుకు కాదురా నాకు కోపం. పడ్డంక నువ్వు రానందుకు. ఆపరేషన్ అయి కండ్లు తెరిచి ఫస్టు నిన్నే అడిగిన, మా అమ్మను అడుగు పో."

శేఖర్ కళ్లు నిండాయి. వినయ్ కూడా అటు తిరిగి బ్యానర్ సరిగ్గా ఉందా లేదా అని అనవసరంగా చూశాడు. కాసేపటికి అతని చూపు తన్మయి మీద పడింది.

"ఈ మేడమ్ ఎవరు?"

"కస్టమర్," అన్నాడు శేఖర్.

"కస్టమర్లు ఎంబడి బాలాపూర్ దాకా ఒస్తున్నరా ఇప్పుడు? మంచి సర్వీసేరా నీది!"

తన్మయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ సాయంత్రం ముగ్గురూ మిర్చి బజ్జీలు తింటూ తొమ్మిదింటి దాకా కబుర్లు చెప్పుకున్నారు. శేఖర్ అంతగా మాట్లాడగలడని ఆమెకు అప్పుడే తెలిసింది. తిరిగి వచ్చేటప్పుడు "మీరు" అనడం ఇద్దరిలో ఎవరు ముందు మానేశారో ఎవరికీ గుర్తు లేదు.

తర్వాతి ఆదివారాలు వినయ్ కూడా గుట్టకు వచ్చాడు. కింద నిలబడి అరిచేవాడు. శేఖర్ బ్రేకు ఇంకా కీచుమంటూనే ఉంది. కాకపోతే ముందంత గట్టిగా కాదు. తన్మయి ఒక్క మాటా అనలేదు. అతను పైకి ఎక్కి వచ్చేదాకా ఆగి, బయల్దేరే గీత మీద నిలబడి, "ఇంకోసారి?" అని మాత్రం అడిగేది.

*

ఆగస్టు చివరి ఆదివారం. గుట్ట కింద షామియానా, మైకు, చెరకు రసం బండి, బురద. ఆడవాళ్లు నలుగురే వచ్చారు. అందుకని క్లబ్బు వాళ్లు అందరినీ ఒకే పోటీలో కలిపేశారు. పొద్దున ఒక్కొక్కరినీ విడిగా దింపి, పట్టిన సమయాన్ని బట్టి పదహారు మందిని ఎంచి జంటలు కట్టారు. మొదటి రౌండ్‌లో తన్మయి తన కంటే అడుగున్నర పొడవున్న ఒక కుర్రాణ్ని ఓడించింది. అతని కింద ఎర్ర సైకిల్ ఉంది, రెండు షాకులది. వినయ్ పట్టుబట్టి పేరిప్పించిన శేఖర్ కూడా గెలిచాడు. అతని జోడీ రెండో మలుపులోనే పడిపోవడంతో మూడో మలుపులో అతని పక్కన ఎవరూ లేకుండా పోయారు.

తర్వాత మైకులో పేర్లు వినిపించాయి. "నెక్స్ట్, తన్మయి వర్సెస్ శేఖర్!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

గీత దగ్గర నిలబడ్డాక శేఖర్ మెల్లగా అన్నాడు. "తన్మయీ, ఇది నీ రేసు. రెండు నెలల సంది కష్టపడ్డవ్. నేను తప్పుకుంట."

"తప్పుకుంటే జన్మలో మాట్లాడను."

"మరి బ్రేకు పడ్తే?"

"పడితే పడుతుంది. పడకపోతే పడదు. నన్ను చూడకు శేఖర్. నేను పడను. పడినా లేస్తాను, అది నా పని. నువ్వు నీ దారి చూసుకో."

సీటీ మోగింది.

మొదటి పరుగులో మూడో మలుపు దగ్గర అదే కీచు. తన్మయి అర సెకను ముందుంది. కింద వినయ్ తల పట్టుకున్నాడు. సైకిళ్లు తోసుకుంటూ ఇద్దరూ మళ్లీ పైకి ఎక్కారు. దారులు మార్చుకున్నారు. సన్నగా చినుకు మొదలైంది.

రెండో సీటీ.

మొదటి మలుపు. రెండో మలుపు. పక్కనే ఇంకో టైరు మట్టి చిమ్ముతున్న చప్పుడు తన్మయికి వినిపిస్తోంది. మూడోది దగ్గరికొచ్చింది. ఆమె మోకాలు వంచి, భుజం దించి, ఎప్పటిలాగే ఆ కీచు కోసం చెవి పెట్టింది.

రాలేదు.

బదులుగా ఒక గాలి విసురులా శేఖర్ ఆమె పక్కనుంచి దూసుకుపోయాడు. తన దారిలోనే, గీత తప్పకుండా, ఒళ్లంతా ఒక పక్కకు వాల్చి. తన్మయి ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. చివరి మిట్ట దూకి కిందికి దిగేసరికి అతను ముందు, ఆమె వెనక.

మైకు గరగరలాడింది. రెండు పరుగులూ కలిపితే శేఖర్‌దే తక్కువ. సెకనులో పదో వంతు తేడా.

తన్మయి సైకిల్ వదిలేసి, బురదలో పరుగెత్తుకొచ్చి, హెల్మెట్ తీయడం కూడా మర్చిపోయి అతని మెడ చుట్టూ చేతులు వేసింది. రెండు హెల్మెట్లు టక్కున కొట్టుకున్నాయి.

"వేయలేదు! నువ్వు వేయలేదు!"

"ఏయలే," అన్నాడు అతను నమ్మలేనట్టు. తన చేతులకేసి చూసుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వానలో తెలియలేదు.

"తన్మయీ!"

ఆ గొంతు విని ఆమె గతుక్కుమంది. చెరకు రసం బండి పక్కన, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో గ్లాసుతో సాంబమూర్తి నిలబడి ఉన్నాడు. వెనక సూర్యప్రభ "నేనేం చెప్పలేదమ్మా, ఆయనే పసిగట్టారు" అన్నట్టు చేతులు తిప్పింది.

సాంబమూర్తి బురదలో జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చి శేఖర్ ముందు ఆగాడు.

"మా అమ్మాయిని ఓడించింది నువ్వేనా?"

"అవును సార్."

"దీని సంగతి నీకు తెలియదు. చిన్నప్పుడు క్యారమ్స్‌లో ఓడితే మూడు పూటలు అన్నం మానేసేది. బోర్డు దాచేసేది. ఒకసారి స్ట్రైకర్ కిటికీలోంచి విసిరేస్తే కిందింటాయన తల పగిలింది. అలాంటిది ఇవాళ ఓడిపోయి ఇలా ఎగురుతోంది." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏం చేశావయ్యా దీన్ని?"

"సైకిల్ ఇచ్చిన సార్," అన్నాడు శేఖర్.

సాంబమూర్తి కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "వచ్చే ఆదివారం మీ అమ్మానాన్నలతో భోజనానికి రా. మాట్లాడాలి," అని భార్యతో షామియానా వైపు నడిచాడు. పది అడుగులేశాక వెనక్కి తిరగకుండానే, "మేం ఇటు చూడట్లేదు," అన్నాడు.

ఇద్దరే మిగిలారు. వాన కొంచెం పెరిగింది.

"భోజనానికి పిలిచిన్రు," అన్నాడు శేఖర్.

"విన్నాను."

"అక్కడ పెద్దోళ్లు మాట్లాడేలోపు నేనొకటి చెప్పాలె. నాకు తిప్పి చెప్పుడు రాదు." అతను హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "నిన్ను ఆదివారం ఒక్కరోజు చూస్తే సాలుతలేదు."

"ఎన్ని రోజులు కావాలి మరి?"

"అన్నీ."

తన్మయి ముఖం మీద బురద చుక్కలు వానకు కరిగి జారుతున్నాయి. "సోమవారం నాకు క్లినిక్ ఏడింటి దాకా ఉంటుంది," అంది. "ఏడు దాటాక మిగతాదంతా నీదే. మంగళ, బుధ కూడా అంతే."

మైకులో సెమీఫైనల్‌కు శేఖర్ పేరు రెండుసార్లు పిలిచారు. మూడోసారి వినయ్ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. ఆ పోటీలో అతను ఒకటిన్నర సెకన్ల తేడాతో ఓడిపోయాడు. కారణం అడిగితే, దారి కనబడలేదన్నాడు.

*

ఆదివారం సైదులు తెల్ల చొక్కా వేసుకుని, భార్య యాదలక్ష్మితో దిల్‌సుఖ్‌నగర్ వచ్చాడు. సాంబమూర్తి వాన గురించి ఒక మాటన్నాడు. సైదులు కూడా వాన గురించే ఒక మాటన్నాడు. చివరికి యాదలక్ష్మి, సూర్యప్రభ వంటింట్లోకి వెళ్లి గోంగూర గురించి వాదులాడుకోవడంతో ఇల్లు తేలికపడింది.

"మా దిక్కు పుంటికూర అంటం వదినా. గింత కారం ఎయ్యం."

"కారం లేకపోతే అది గోంగూర ఎలా అవుతుంది వదినగారూ?"

భోజనాలకు కూర్చున్నారు. అసలు సంగతి ఎవరు ఎత్తాలో తెలియక పెద్దవాళ్లు నలుగురూ పప్పు బాగుందని రెండేసిసార్లు అనుకున్నారు. సాంబమూర్తి లెక్కల మాస్టారిలా మాటలను మనసులో వరస పెట్టుకుంటున్నాడు. శేఖర్ తలెత్తకుండా తింటున్నాడు. ఎదురుగా తన్మయి అన్నంలో వేలితో గీతలు గీస్తోంది.

సూర్యప్రభ గిన్నె పట్టుకుని శేఖర్ దగ్గరికి వచ్చింది. "ఇంకొంచెం వేసుకో బాబూ."

"సాలు అత్తమ్మా."

అందరి చేతులూ కంచాల మీదే ఆగిపోయాయి. తనేమన్నాడో శేఖర్‌కు రెండు క్షణాల తర్వాత తెలిసింది. ముఖం దొండపండైంది. తన్మయి పెదవి కొరుక్కుంది. యాదలక్ష్మి కొడుకు వీపు మీద చిన్నగా చరిచింది.

సైదులు మెల్లగా చెయ్యి దులుపుకుని, "సారూ, నేను పొద్దుగాల సంది ఎట్ల అడగాలె అని పరేషాన్ అయితున్న," అన్నాడు. "వీడే పిలిచిండు. ఇంక నేనేం అడగాలె?"

సాంబమూర్తి ముఖంలో నవ్వు మెల్లగా విచ్చుకుంది. వరస పెట్టుకున్న మాటలన్నీ వదిలేసి భార్య వైపు తిరిగాడు.

"అల్లుడు చాలంటే నువ్వు ఆగిపోతావేంటే? నెయ్యి వెయ్యి."